ఇంగ్లండ్ పల్లెల్లో బాల్‌రూమ్ డాన్స్ సెలవు: మొదటిసారి వెళ్ళేవాళ్ళు ఏది ఎంచుకోవాలి?

పెళ్ళిపీటల మీద నా చేయి పట్టుకున్నాక, మా వారు మళ్ళీ నలుగురిలో ఇష్టంగా నా చేయి పట్టుకున్నది డెర్బీషైర్‌లో ఒక పాత బంగళా హాల్లో. అప్పటికి మా పెళ్ళయి 26 ఏళ్ళు. పక్కన ఇంకో పది జంటలున్నాయి, ఎవరూ మమ్మల్ని చూడటం లేదు, అందరూ తమ పాదాలే చూసుకుంటున్నారు. ఆ వారాంతం మాకు ఎంత నచ్చిందంటే, ఇంటికి వచ్చాక రెండు నెలల పాటు కనిపించిన ప్రతివాళ్ళకీ దాని గురించే చెప్పాను. ఇప్పుడు ఉగాది సంబరాల్లోనో, దీపావళి భోజనాల్లోనో కలిసిన తెలుగువాళ్ళు నన్ను అడిగే ప్రశ్న ఒకటే: "మేమూ వెళ్దామనుకుంటున్నాం, ఏది బుక్ చేయాలి?"

జంటలు చేయి పట్టుకుని ఆడే బాల్‌రూమ్ డాన్సును అక్కడే బస చేసి నేర్చుకునే ఇలాంటి సెలవులు ఇంగ్లండ్‌లో చాలా రకాలున్నాయి. మేము మూడుసార్లు మూడు రకాలవి చూశాం. మొదటిది పూర్తిగా వృథా అయింది, రెండోది బంగారం. మూడోసారి మా అక్కతో కలిసి వెళ్ళాను, ఆ అనుభవం వేరు. ఈ మూడింటి నుంచి నాకు గట్టిగా తెలిసింది ఒకటుంది. కరపత్రంలో బంగళా ఫొటో, చెరువు, గులాబీ తోట చూసి ఎంచుకోకండి. ఎన్ని డాన్సులు నేర్పుతారో చూడండి, తక్కువ నేర్పే చోటికి వెళ్ళండి.

తక్కువ ఎందుకు

మొదటిసారి మేము బుక్ చేసిన హోటల్ రెండు రోజుల్లో అయిదు డాన్సులు నేర్పుతామంది: వాల్ట్జ్, క్విక్‌స్టెప్, టాంగో, చా చా చా, జైవ్. అదే డబ్బుకి అయిదు వస్తాయంటే ఎవరికైనా లాభంగానే కనిపిస్తుంది. శనివారం పొద్దున వాల్ట్జ్ కాస్త కాలికి పట్టుబడుతోంది అనిపించేసరికి గంట అయిపోయింది, పాట మారింది, టాంగో మొదలైంది. ఆదివారం మధ్యాహ్నానికి ఒక్క డాన్సు కూడా మా కాళ్ళల్లో మిగల్లేదు. చివరి రాత్రి డాన్స్ పార్టీలో మేమిద్దరం బల్ల దగ్గర కూర్చుని ఇతరులను చూస్తూ గడిపాం. వచ్చేటప్పుడు కారులో మా వారు, "ఇది మనకు వచ్చే విద్య కాదులే" అన్నారు. ఆ మాట నాకు చాలా బాధ కలిగించింది, ఎందుకంటే తప్పు ఆయనది కాదు. మేము ఎంచుకున్న పద్ధతిది.

ఒక్కో డాన్సుకు ఒక్కో తాళం, ఒక్కో నడక. వాల్ట్జ్ మూడు లెక్కల ఆట, సంగీతం నేర్చుకున్నవాళ్ళకైతే తకిట, తకిట అంటే చాలు. వాల్ట్జ్ పాటలు మామూలుగా నిమిషానికి 28 నుంచి 30 ఆవర్తాల వేగంలో ఉంటాయి, అంటే 84 నుంచి 90 దెబ్బలు. చా చా చా నాలుగు లెక్కలది, అందులో రెండు దెబ్బల వ్యవధిలో మూడు అడుగులు పడాలి, దాని పేరులోని మోత అదే. క్విక్‌స్టెప్ అయితే నిమిషానికి 50 ఆవర్తాలు దాటుతుంది, తాళం 200 దెబ్బల పైమాటే. చెవికి ఇవన్నీ త్వరగా తెలుస్తాయి, మనవాళ్ళకు మరీ త్వరగా. కాలికి మాత్రం ఒక నడక ఎక్కాలంటే అదే నడకను పొద్దున ఒకసారి, టీ తర్వాత ఒకసారి, రాత్రి ఒకసారి నడవాలి. మధ్యలో ఒక నిద్ర పడాలి. రెండో రోజు పొద్దున లేచాక కాలు తనంతట తాను వెళ్ళే చోటు ఒకటుంటుంది. అక్కడికి చేరాలంటే కొత్త డాన్సు దాని మీద పడకూడదు.

డెర్బీషైర్‌లో మూడు రాత్రులకీ కలిపి నేర్పినవి రెండే, వాల్ట్జ్, చా చా చా. మొదటి రోజంతా వాల్ట్జ్‌లో ఒక చతురస్రమే నడిచాం: ముందుకు, పక్కకు, కలుపు, వెనక్కి, పక్కకు, కలుపు. అదేనా, అంతేనా అని మొదటి గంటలో అనిపించింది. మూడో రాత్రి ఒక పాట మొదలు నుంచి చివరి దాకా ఆగకుండా ఆడాం. పాట ఆగాక మా వారు నా చేయి వదలకుండా తర్వాతి పాట కోసం అలాగే నిలబడ్డారు. నేను ఈ వ్యాసం రాస్తున్నది ఆ నిమిషం కోసమే.

కాబట్టి ఎక్కడ బుక్ చేసినా ముందు అడగాల్సినవి ఈ మూడు: ఎన్ని డాన్సులు నేర్పుతారు, మొత్తం ఎన్ని గంటల క్లాసు, నేర్చుకున్నవి రాత్రి ఆడుకోవడానికి సమయం ఉందా. రెండు లేక మూడు డాన్సులు, రోజుకు మూడు నుంచి నాలుగు గంటల క్లాసు, ప్రతి రాత్రీ సాధన. ఇలా ఉంటే మిగతా లోపాలు ఏవున్నా సర్దుకోవచ్చు.

చిన్న కంట్రీ హౌస్ వారాంతాలు

శుక్రవారం సాయంత్రం చేరి సోమవారం పొద్దున బయల్దేరే పద్ధతి. ఇరవై ముప్ఫై మంది ఉంటారు, నేర్పేది ఒక జంట లేక ఒక టీచరు, భోజనాలు అందరికీ కలిపి ఒకే హాల్లో. కొత్తవాళ్ళకు నా మొదటి సలహా ఎప్పుడూ ఇదే. టీచరుకు రెండో పూటకల్లా మీ పేరు తెలుస్తుంది, మీ కుడి కాలు ఎక్కడ తప్పుతోందో తెలుస్తుంది. భోజనాల దగ్గర పరిచయమైనవాళ్ళే రాత్రి హాల్లో ఉంటారు కాబట్టి బిడియం సగం తగ్గుతుంది.

దీని ఇబ్బంది గది దగ్గర వస్తుంది. పాత ఇళ్ళు కదా, లిఫ్టు ఉండకపోవచ్చు, గదులన్నీ ఒకే పరిమాణంలో ఉండవు, మెట్లు నిటారుగా ఉంటాయి. హాలు కూడా కొన్నిచోట్ల చిన్నది. ఇవన్నీ ముందే అడిగితే చెప్తారు.

పెద్దవాళ్ళకు మాత్రమే నడిపే పెద్ద హోటళ్ళు

వార్నర్ సంస్థ హోటళ్ళు ఈ కోవకు చెందినవి. 21 ఏళ్ళు దాటినవాళ్ళకే ప్రవేశం. నాటింగమ్‌షైర్‌లో షెర్వుడ్ అడవుల పక్కన ఉన్న థోర్స్‌బీ హాల్, హంగర్‌ఫర్డ్ దగ్గర ఉన్న లిటిల్‌కోట్ హౌస్ లాంటి చారిత్రక బంగళాలు వాళ్ళ చేతిలో ఉన్నాయి. లిఫ్టు, ఈత కొలను, రాత్రి ప్రదర్శన, బ్యాండు, అన్నీ ఉంటాయి. టీవీలో డాన్స్ పోటీలు చూసి ముచ్చటపడి వచ్చేవాళ్ళు ఇక్కడ ఎక్కువ. బీబీసీలో స్ట్రిక్ట్‌లీ కమ్ డాన్సింగ్ 2004లో మొదలైనప్పటి నుంచి ఆ ముచ్చట ఈ దేశంలో బాగా పెరిగింది.

ఇలాంటి చోట్ల రాత్రి వేడుక అసలు ఆకర్షణ, క్లాసు దానికి తోడు. హాలు నిండా జనం ఉంటే టీచరు వేదిక మీద నుంచి మైకులో నేర్పుతారు. మీ పాదం ఆయనకు కనిపించదు. ఇప్పటికే కాస్త ఆడగలిగినవాళ్ళకు మంచి నేల, మంచి బ్యాండు దొరికే ఈ హోటళ్ళు నిజంగా ఆనందం. మొదటి అడుగు వేసేవాళ్ళకు మాత్రం రెండో ఏడాదికి వాయిదా వేయమంటాను. ఒక మినహాయింపు ఉంది. భార్యాభర్తల్లో ఒకరికి డాన్స్ మీద ఇష్టం, ఇంకొకరికి ఏమాత్రం లేదు అనుకుంటే ఇదే సరైన చోటు, ఎందుకంటే ఆ రెండోవారికి రోజంతా చేసుకోవడానికి వేరే పనులుంటాయి.

నడక, డాన్స్ కలిపిన వారం

1913లో టి. ఎ. లియొనార్డ్ మొదలుపెట్టిన హాలిడే ఫెలోషిప్ అనే సంస్థ ఇప్పుడు హెచ్‌ఎఫ్ హాలిడేస్ పేరుతో నడుస్తోంది. సహకార సంఘం. మిల్లుల్లో పనిచేసేవాళ్ళకు కొండగాలి, ఆరోగ్యకరమైన కాలక్షేపం అందించాలన్న తపనతో పుట్టిన ఉద్యమం అది. పగలు నడక, రాత్రి అందరూ కలిసి ఆటపాటలు అన్నది వాళ్ళ పాత సంప్రదాయం. నడకతో పాటు డాన్స్, చిత్రలేఖనం లాంటి వాటికి ప్రత్యేకంగా సెలవులు నడిపే అలవాటు కూడా వీళ్ళకుంది. ఏ ఏడాది ఏ ఇంట్లో ఏది ఉందో వాళ్ళనే అడగాలి.

పొద్దున డాన్స్, మధ్యాహ్నం కొండ నడక. చదువుతుంటేనే ప్రాణం లేచి వస్తుంది. ఆరోగ్యంగా, నడక అలవాటున్నవాళ్ళకు ఇంతకంటే మంచి వారం ఉండదు. అలవాటు లేనివాళ్ళు మాత్రం ఒకటి ఆలోచించుకోవాలి. డాన్సులో పనిచేసేవి పిక్కలు, మడమలు. కొండ దిగేటప్పుడు పనిచేసేవీ అవే. మధ్యాహ్నం ఎనిమిది మైళ్ళు నడిచి రాత్రి వాల్ట్జ్‌లో మునివేళ్ళ మీద లేవాలంటే రెండో రోజుకే కాళ్ళు మొరాయిస్తాయి. చిన్న నడక ఎంచుకునే వీలుందో లేదో చూసి మరీ బుక్ చేయండి.

కోలాటంలా ఆడే డాన్సులు

భార్యాభర్తలు అలా దగ్గరగా నిలబడాలంటేనే ఇబ్బందిగా ఉంది అనే కొందరికి నేను బాల్‌రూమ్ కాకుండా దాని దగ్గరి చుట్టాలను చూపిస్తాను.

మొదటిది సీక్వెన్స్ డాన్స్. హాల్లో జంటలన్నీ ఒకేసారి ఒకే అడుగులు వేస్తాయి. 16 ఆవర్తాల ఒక వరుస, అది అయిపోగానే మళ్ళీ మొదటి నుంచి. 1900లో పుట్టిన వెలీటా అనే వాల్ట్జ్ వరుసను ఇప్పటికీ ఆడుతున్నారు. ముందున్న జంటను చూసి వెనకవాళ్ళు నడిచేయొచ్చు కాబట్టి తర్వాత ఏ అడుగు వేయాలన్న టెన్షన్ ఉండదు. మగవాళ్ళకు ఇది పెద్ద ఊరట. మామూలు బాల్‌రూమ్‌లో తర్వాత ఏం చేయాలో నిర్ణయించి నడిపించాల్సింది లీడ్ చేసేవాళ్ళే, సాధారణంగా ఆ బరువు వాళ్ళ మీదే పడుతుంది. మా వారికి మొదటి రోజు చెమటలు పట్టింది డాన్సు కష్టానికి కాదు, ఆ నిర్ణయాలకే.

రెండోది జానపద నృత్యాలు. సోమర్సెట్‌లో క్వాంటాక్ కొండల అంచున హాల్స్‌వే మానర్ అని ఒక పాత బంగళా ఉంది, జానపద కళల కోసమే నడిచే కేంద్రం. అక్కడే బస చేసి సంగీతం, నృత్యం నేర్చుకోవచ్చు. బార్న్ డాన్స్ గానీ కేలీ గానీ ఆడేటప్పుడు ముందు నిలబడి ఒకరు తర్వాతి అడుగు ఏదో గట్టిగా పిలిచి చెప్తుంటారు. మన కోలాటంలో గురువు ఈల వేయగానే వరుస మార్చినట్టే, ఆ పిలుపు విని అందరూ చేతులు మారుస్తారు. చిన్నప్పుడు కోలాటం ఆడినవాళ్ళకు, బతుకమ్మ చుట్టూ తిరిగినవాళ్ళకు ఇందులో కొత్తదనం కంటే పాత పరిచయమే ఎక్కువ కనిపిస్తుంది. అరవై దాటిన మా అక్క వరంగల్ నుంచి వచ్చినప్పుడు తీసుకెళ్ళింది ఇలాంటి వారాంతానికే. మొదటి రాత్రి రెండో పాటకే తను నాకంటే ముందు అందుకుంది.

ఇక బాల్‌రూమ్‌లోనే ఉండాలి, కానీ అంత దగ్గరగా వద్దు అనుకుంటే చా చా చా మొదలుపెట్టే చోటు చూడండి. అది లాటిన్ అమెరికా నుంచి వచ్చిన డాన్సు, ఇద్దరి మధ్యా దూరం ఉంటుంది, చాలాసార్లు చేతులు మాత్రమే పట్టుకుంటారు. వాల్ట్జ్‌లో పట్టు ఎలా ఉంటుందంటే, నడిపేవారి ఎడమ చేతిలో ఎదుటివారి కుడి చేయి, నడిపేవారి కుడి అరచేయి ఎదుటివారి వీపు మీద ఎడమ రెక్క ఎముక దగ్గర. ఎదుటివారి ఎడమ చేయి నడిపేవారి భుజం కిందుగా. చూడటానికి అనిపించేంత దగ్గర కాదు. కొత్తవాళ్ళకు టీచర్లు కాస్త ఎడంగానే నిలబడి నేర్పుతారు.

బ్లాక్‌పూల్ సంగతేమిటి అని తప్పకుండా అడుగుతారు. 1899లో తెరిచిన టవర్ బాల్‌రూమ్, 1920లో మొదలైన డాన్స్ ఉత్సవం, ఇవి ఈ కళకు కాశీ లాంటివి. 120 అడుగుల పొడవు, 102 అడుగుల వెడల్పున్న ఆ బాల్‌రూమ్ చెక్క నేలను చూడటానికైనా ఒకసారి వెళ్ళాలి. అయితే అది సముద్రతీరపు రద్దీ ఊరు, పల్లె కాదు. నేర్చుకోవడానికి పల్లె, నేర్చుకున్నది ఆడటానికి బ్లాక్‌పూల్. ఆ వరుసలో వెళ్తే రెండూ దక్కుతాయి.

"బిగినర్స్" అనే మాట దగ్గర ఆగండి

ఈ ఒక్క మాట మీద చాలామంది మోసపోతారు, ఎవరూ మోసం చేయకపోయినా. ఇక్కడి డాన్స్ లోకంలో బిగినర్స్ అంటే చాలాచోట్ల కొన్ని నెలలు వారానికో క్లాసుకు వెళ్ళినవాళ్ళు. ఒక్క అడుగూ వేయనివాళ్ళను ఆబ్సల్యూట్ బిగినర్స్ అంటారు. ఇంప్రూవర్స్ అంటే ఆపై మెట్టు. కాంస్య, రజత, స్వర్ణ పతకాల పరీక్షల గురించి ప్రకటనలో రాసి ఉంటే అది మొదటి సెలవుకు తగదు. ఫోన్ చేసి, "మేము ఇంతవరకు ఒక్కసారి కూడా ఆడలేదు, మాలాంటివాళ్ళు ఇంకెవరైనా బుక్ చేశారా?" అని తిన్నగా అడగండి. మేము రెండోసారి ఇలాగే అడిగాం. "సగం మంది మీలాంటివాళ్ళే" అన్న జవాబు విన్నాకే డబ్బు కట్టాం.

టీచర్ల అర్హత కూడా చూడొచ్చు. ఇంపీరియల్ సొసైటీ ఆఫ్ టీచర్స్ ఆఫ్ డాన్సింగ్ 1904లో పుట్టిన సంస్థ. బాల్‌రూమ్ అడుగులను ఒక పద్ధతిలో పెట్టి పాఠంగా మార్చడంలో దానిది పెద్ద పాత్ర. అలాంటి సంస్థల్లో అసోసియేట్, లైసెన్షియేట్, ఫెలో అని అంతస్తులుంటాయి. కొత్తవాళ్ళకు ఫెలోనే నేర్పాలన్న పట్టింపు అక్కర్లేదు. ఓపిక ఎక్కువున్న అసోసియేట్ చాలు.

జంట లేకుండా వెళ్తే, జంటగా వెళ్తే

ఒంటరిగా వెళ్ళేవాళ్ళు ఆడవాళ్ళలోనే ఎక్కువ. కాబట్టి "భాగస్వామిని తప్పకుండా చూపిస్తారా, లేక వంతులవారీగా మారుస్తారా?" అని అడగాలి. కొన్ని చోట్ల ఒంటరిగా వచ్చేవాళ్ళలో లీడ్ చేసేవాళ్ళను, ఫాలో అయ్యేవాళ్ళను సమానంగా చూసుకుని బుకింగ్ ఆపేస్తారు. అది మంచి పద్ధతి. ఆడవాళ్ళు లీడ్ నేర్చుకోవడం ఇప్పుడు మామూలే. మా అక్కకూ నాకూ బాల్‌రూమ్ క్లాసు ఒకటి దొరికినప్పుడు నేనే లీడ్ చేశాను. ఒక్కరికే గది కావాలంటే అదనపు రుసుము ఉంటుంది, అది లేని తేదీలు కూడా కొన్ని సంస్థలు ఇస్తాయి.

జంటగా వెళ్ళేవాళ్ళు తెలుసుకోవాల్సింది ఇంకొకటి. చాలా క్లాసుల్లో కొన్ని నిమిషాలకోసారి అందరూ ఒక్కో స్థానం జరిగి కొత్తవాళ్ళతో ఆడతారు. దీనివల్ల త్వరగా వస్తుంది. ఇంట్లో ఉన్నట్టు ఒకరి తప్పు ఒకరు ఎత్తిచూపుకోవడమూ తగ్గుతుంది. ఇష్టం లేకపోతే "మేమిద్దరమే ఆడతాం" అని చెప్పొచ్చు, ఎవరూ ఏమీ అనుకోరు. ఈ సంగతి ముందు తెలియక క్లాసు మొదలయ్యాక ఇబ్బంది పడిన తెలుగు జంటలు నాకు తెలుసు. బయల్దేరే ముందే ఇద్దరూ ఇంట్లో మాట్లాడుకుని ఒక మాట మీద ఉండండి.

హాల్లో అందరూ గడియారం ముల్లుకు ఎదురు దిశలో తిరుగుతారు. గుడి చుట్టూ ప్రదక్షిణ చేసే అలవాటున్న మనకు అది పూర్తిగా అపసవ్యం. మొదటి పూట కాలు ప్రదక్షిణ వైపే లాగుతుంది. గోడ లీడ్ చేసేవారి కుడి భుజం వైపు ఉండాలి అని గుర్తుపెట్టుకుంటే సరిపోతుంది.

నేల, చెప్పులు, బట్టలు

నేల చెక్కదా అని అడగండి. మేము మొదటిసారి వెళ్ళిన చోట భోజనాల గదిలో తివాచీ మీద పలకలు పరిచి డాన్స్ ఫ్లోర్ అన్నారు. పలకల అతుకుల దగ్గర మడమ తగిలేది. బాగా కట్టిన హాల్లో చెక్క నేల కింద కాస్త స్ప్రింగులా లొంగే అమరిక ఉంటుంది. మోకాళ్ళకు ఆ తేడా సాయంత్రానికే తెలుస్తుంది.

రబ్బరు అడుగున్న జోళ్ళు వద్దు. అవి నేలను పట్టేస్తాయి. పాదం ఆగిపోయి ఒళ్ళు తిరుగుతుంది, ఆ మెలి మోకాలి మీద పడుతుంది. డాన్స్ షూలకు స్వేడ్ తోలు అడుగు ఉంటుంది, అది అవసరమైనంతే జారుతుంది. మొదటి సెలవుకు కొత్తవి కొనాల్సిన పని లేదు. తోలు అడుగున్న మామూలు బూట్లు మగవాళ్ళకు, వెనక పట్టీ ఉండి మడమ తక్కువున్న చెప్పులు ఆడవాళ్ళకు చాలు. పాదం నుంచి ఊడే చెప్పు మాత్రం వద్దే వద్దు. స్వేడ్‌వి కొంటే వాటితో బయట తడి గడ్డిలో నడవకండి, హాలు గుమ్మం దగ్గరే మార్చుకోండి.

చీర గురించి చాలామంది అడుగుతారు. ఫాలో అయ్యేవాళ్ళు సగం సేపు వెనక్కి నడుస్తారు, వెనక్కి వేసిన మడమ కింద చీర అంచు పడితే పడిపోవడం ఖాయం. మోకాలి దాకా వచ్చే కుర్తా, చుడీదార్ అన్నిటికంటే హాయి. చున్నీ గదిలో వదిలేయండి. పాదాల దాకా ఉండే అనార్కలీకి చీరతో ఉన్న ఇబ్బందే ఉంటుంది. చివరి రాత్రి ముస్తాబు కావాలనిపిస్తే చీర కట్టుకుని భోజనానికి వెళ్ళి, డాన్సుకు ముందు మార్చుకోండి. నేను చేసేది అదే.

తిండి, దారి, డబ్బు

శాకాహారం దొరకదేమోనన్న భయం అక్కర్లేదు, బుకింగులోనే రాస్తే అన్నిచోట్లా పెడతారు. గుడ్డు కూడా తినకపోతే ఆ మాట విడిగా చెప్పాలి. రాత్రి భోజనం ఆరున్నరకో ఏడుకో పెట్టేస్తారు, డాన్సు అయ్యేసరికి మళ్ళీ ఆకలేస్తుంది. మేము పులిహోర ఒక డబ్బాలో, కారప్పూస ఒక సంచిలో పెట్టుకుని వెళ్తాం. పక్కగదివాళ్ళకూ పెట్టాం.

కారు లేనివాళ్ళు స్టేషన్ నుంచి బంగళా దాకా ఉండే చివరి నాలుగైదు మైళ్ళ గురించి ముందే చూసుకోండి. పల్లెల్లో ఆదివారం బస్సు ఉండకపోవచ్చు, ట్యాక్సీలు అప్పటికప్పుడు దొరకవు. ఇద్దరు కలిసి వెళ్ళే రైలుకు టూ టుగెదర్ కార్డు ఉంటే టికెట్టులో మూడో వంతు తగ్గుతుంది, పనిరోజుల్లో అయితే పొద్దున తొమ్మిదిన్నర దాటాక ఎక్కాలి.

డబ్బు క్రెడిట్ కార్డుతో కట్టండి. వస్తువు లేక సేవ ధర 100 పౌండ్లకు పైన, 30,000 పౌండ్ల లోపు ఉంటే, సంస్థ మాట తప్పినా మూతపడినా ఇక్కడి చట్టం ప్రకారం కార్డు కంపెనీని అడిగే హక్కు ఉంటుంది. అడ్వాన్స్ ఒక్కటే కార్డు మీద కట్టినా ఆ రక్షణ మొత్తానికి వర్తిస్తుంది. టీచరుకు ఒంట్లో బాగోకపోతే బదులు టీచరు వస్తారా, సెలవు రద్దు చేస్తారా అన్నది కూడా షరతుల్లో చదవండి.

బడి సెలవుల వారాల్లో ధరలు ఎక్కువ. నవంబరు, ఫిబ్రవరి చౌక, కానీ త్వరగా చీకటి పడే రోజులవి. డాన్స్ ఒక్కటే కావాలంటే చలికాలమే లాభం. పల్లె కూడా చూడాలంటే జూన్, రాత్రి తొమ్మిదిన్నర దాకా వెలుతురు ఉంటుంది. భోజనం తర్వాత తోటలో నాలుగు అడుగులు వేసి మళ్ళీ హాల్లోకి రావచ్చు.

అమ్మానాన్నలు ఊరి నుంచి వచ్చి ఉన్నప్పుడు తీసుకెళ్ళొచ్చా అంటే, వెళ్ళొచ్చు. విజిటర్ వీసా మీద ఉన్నవాళ్ళు 30 రోజుల దాకా ఇలాంటి సరదా కోర్సులో చేరవచ్చని నిబంధనలే చెప్తున్నాయి. కింది అంతస్తు గది అడగండి. మోకాలి ఆపరేషన్ అయినవాళ్ళుంటే డాక్టరును అడిగాక టీచరుకూ ముందే చెప్పండి. వాల్ట్జ్‌లో మునివేళ్ళ మీద లేచి దిగే కదలిక లేకుండా చదునుగా నడిపిస్తారు. గెంతులు ఎక్కువుండే జైవ్ మాత్రం వాళ్ళతో ఆడించొద్దు.

ఇంటికొచ్చిన మొదటి వారం

నేర్చుకున్నది చేజారేది ఈ వారంలోనే. అందుకే సెలవుకు బయల్దేరక ముందే మీ ఊరి విలేజ్ హాల్లోనో, చర్చి హాల్లోనో జరిగే వారపు క్లాసు ఏ రోజో కనుక్కుని, తిరిగి వచ్చిన వారానికే పేరు ఇవ్వండి. అది కుదిరేదాకా వంటింట్లో బల్ల పక్కకు జరిపి, రోజూ భోజనం అయ్యాక ఒక్క పాట. మేము ఆ పాటను డెర్బీషైర్ టీచరునే అడిగి రాసుకొచ్చాం, నిమిషానికి 84 దెబ్బలది, తొందర పెట్టదు. గిన్నెలు కడిగేది ఆ పాట అయ్యాకే.